సూర్రావు గారి చెవిలో సన్నాయి

నమోదు 1

వ్యాపకం పేపరుకి దినచర్య చేత్తో రాసి తీరాలన్నారు కాబట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉన్నాయంటే ఆ పాపం నాది కాదు. మొన్నటి దాకా కలం ఎలా పట్టుకోవాలో మా తరగతిలో ఒక్కరికీ తెలియదు. భ్రమరాంబ మేడం పట్టుకుని చూపించారు గానీ, ఆవిడా తలకిందులుగానే పట్టుకున్నారని మధ్యాహ్నానికి తేలింది.

నా పేరు సత్యవేణి. కొత్త అమలాపురం ఆడపిల్లల హాస్టల్లో ఉంటాను, రెండో సంవత్సరం. పాత అమలాపురం ఎక్కడుందో అందరికీ తెలుసు. కొత్తది చంద్రుడి మీద ఉంది. పొద్దున్నే లేచి నుదుటికి చదువు పట్టీ కట్టుకుంటే, పళ్ళు తోముకునే లోపల ఆ రోజు పాఠాలన్నీ బుర్రలోకి ఎక్కేస్తాయి. నిన్న నోరు పుక్కిలించేసరికి రసాయనశాస్త్రం అయిపోయింది. మరి పొద్దుపోయే దాకా ఏం చేస్తాం? అందుకే వ్యాపకం అని ఒక పేపరు పెట్టారు. పోయినేడాది దాన్ని కూడా పట్టీతోనే కానిచ్చేశాం. అందరం బొమ్మలు వేయడం ఎక్కించుకున్నాం. హాస్టల్ గోడల నిండా చిలకలు. అన్నీ ఒకే చిలక, అదే వంకర ముక్కు, అదే జామకాయ. చూసీ చూసీ మేడంకి తిక్కరేగింది. ఈ ఏడాది పట్టీ ముట్టుకోకుండా, ఏమీ రాని దగ్గర్నుంచి మొదలుపెట్టి నేర్చుకోవాలట.

ఫెయిలైతే చంద్రుడికి అవతలి వైపున్న కాలేజీకి పంపేస్తారు. అక్కడి నుంచి భూమి కనిపించదు. మెస్సులో మూడు పూటలా ఉప్మా. ఉప్మా తిని అయినా బతకొచ్చు. కానీ మంగతాయారు ఇక్కడే ఉండిపోతుంది, నేను అక్కడుంటాను. తాయారు నా రూమ్మేటు. అది లేకుండా నాకు ఒక్క రోజు గడవదు. ఈ సంగతి దానికి చెప్పలేదు. చెబితే నెత్తినెక్కి కూర్చుంటుంది.

తాయారు మిమిక్రీ తీసుకుంది. దానికి పుట్టుకతోనే సగం వచ్చు. నేనింకా వెతుక్కుంటున్నాను.

నమోదు 2

దోసెలు పోయడం మొదలుపెట్టి మానేశాను. ఇక్కడ బరువు తక్కువ కదా, తిరగేద్దామని పెనం ఎగరేస్తే దోసె వెళ్ళి పైకప్పుకి అతుక్కుంది. దాని కింద నిలబడి, పడుతుందేమోనని ప్లేటు పట్టుకుని చాలాసేపు చూశాను. ఇప్పటికీ అక్కడే ఉంది.

ముగ్గు కూడా వేశాను. పిండి నేల మీద పడకుండా తీరిగ్గా గాలిలో తేలుకుంటూ వెళ్ళి సూర్రావు గారి గాలి జల్లెడలోకి చేరింది. సూర్రావు గారంటే మనిషి కాదు, మా హాస్టల్ని నడిపే యంత్రం. గాలి, తలుపులు, మెస్సు, హాజరు, అన్నీ ఆయన చేతుల్లోనే ఉంటాయి. చేతులు లేవనుకోండి. ఆడపిల్లల హాస్టల్ కాబట్టి ఆయనకి కళ్ళు పెట్టడానికి పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. చెవులు మాత్రమే ఉన్నాయి. కట్టినవాళ్ళెవరో కోనసీమ మర్యాదంతా అందులో కుక్కేశారు.

"ఆయ్, గొంతులో ఏదో పడిందండి. తమరు పిండి ఆపితే నేను దగ్గు ఆపుతానండి," అన్నారు. హాస్టలంతా ఊగిపోయేలా సాయంత్రం దాకా దగ్గుతూనే ఉన్నారు.

బంతులు ఎగరేసి పట్టుకోవడం ఎంచుకుంటే మేడం ఒప్పుకోలేదు. ఇక్కడ బంతి కిందకి వచ్చేలోపు జడ వేసుకోవచ్చు, అది నైపుణ్యమెలా అవుతుంది అన్నారు.

నమోదు 3

వ్యాపకాల సామాన్ల గదికి నేను వెళ్ళేసరికి మంచివన్నీ ఎవరో ఒకరు ఎత్తుకుపోయారు. మూలన ఒక సన్నాయి మిగిలింది. దాన్నెందుకు ఎవరూ ముట్టుకోలేదో గదికి తెచ్చి ఊదాక తెలిసింది.

మొదట గాలి తప్ప ఏమీ రాలేదు. బుగ్గలు పగిలిపోతాయేమో అనిపించేలా ఊదాను. అప్పుడొచ్చింది. సన్నగా, పొడుగ్గా, పళ్ళు జివ్వుమనేలా ఒక కీచు. అది వినగానే నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. నా అంతట నేను, నా ఊపిరితో పుట్టించిన చప్పుడు అది!

ఆ మరుక్షణం హాస్టల్లో ఎర్ర దీపాలన్నీ వెలిగాయి.

"ఆయ్, అందరికీ నమస్కారమండి. ఎక్కడో గాలి లీకవుతుందండి. సూట్లు వేసుకుని భద్రం గదికి దయచేయండి. కంగారు పడకండి. నిదానంగా పరిగెత్తండి."

అంతా పరిగెత్తారు. తలకి నూనె పెట్టుకుంటున్నవాళ్ళు, అన్నం కలుపుకుంటున్నవాళ్ళు, స్నానం మధ్యలో ఉన్నవాళ్ళు, అందరూ సూట్లలో దూరి భద్రం గదిలో ఒకరి మీద ఒకరు పడ్డారు. నేను కూడా పరిగెత్తాను, సన్నాయి చంకలో పెట్టుకుని. లీకు దొరక్కపోయేసరికి ఒక గంట తర్వాత వదిలేశారు. గదికొచ్చి మళ్ళీ ఊదాను. మళ్ళీ ఎర్ర దీపాలు.

రెండోసారి భద్రం గదిలో తాయారు నా చేతిలో ఉన్నదాన్ని చూసింది, నా మొహం చూసింది.

"ఒసేయ్, నువ్వా?" అంది.

సూట్ల లోపలి నుంచి నన్ను తిట్టినవాళ్ళెవరెవరో గుర్తుపట్టలేకపోవడం ఒక్కటే నా అదృష్టం.

నమోదు 4

ఇక్కడ అసలు చిక్కు ఏమిటంటే, తప్పుగా వాయించడం ఎలా ఉంటుందో మా ఊళ్ళో ఎవరూ ఎన్నడూ వినలేదు. పట్టీ కట్టుకున్నవాళ్ళకి వీణ వస్తే మొదటి రోజే కచేరీ వస్తుంది. నేర్చుకుంటున్న మనిషి చేసే చప్పుడు ఎవరికీ తెలియదు. పాపం సూర్రావు గారికి అసలే తెలియదు.

మేడం ముగ్గురినీ కూర్చోబెట్టి పంచాయితీ చేశారు. ముగ్గురంటే నేను, తాయారు, సూర్రావు గారు.

"సత్యవేణీ, వేరే వ్యాపకం తీసుకోకూడదూ? అల్లికలు చాలా నిశ్శబ్దంగా ఉంటాయమ్మా," అన్నారు మేడం.

"లేదండీ. నాకిదే కావాలండీ."

నా నోట్లోంచి ఆ మాట వస్తుందని నాకే తెలియదు. అప్పటి దాకా ఏదో ఒకటి పాసైతే చాలనుకున్నాను.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక గంటసేపు మా గది నా సాధనకి. ఆ గంట తలుపు దానంతటదే మూసుకుంటుంది, బయట పచ్చ దీపం వెలుగుతుంది, నేను చాలనే దాకా ఎవరినీ లోపలికి రానివ్వరు. ఆ గంటలో మా గదిలోంచి కీచుమని ఏం వినిపించినా సూర్రావు గారు లీకు కింద లెక్కవేయరు.

"ఆయ్, రోజూ వింటే నాకూ అలవాటవుద్దండి. నేనూ నేర్చుకుంటానండి. నాకూ వ్యాపకం ఉన్నట్టుంటుందండి," అన్నారు. ఆయనకి పట్టీ కట్టడానికి నుదురు లేదు కదా.

"మరి నా సంగతేంటండీ? ఆ గంట నేనెక్కడికి పోవాలండీ?" అని తాయారు గోల పెట్టింది. చెవుల్లో దూది పెట్టుకోమని మేడం సలహా ఇచ్చారు.

నమోదు 5

స నుంచి ద దాకా ఎక్కగలుగుతున్నాను. ని దగ్గర మాత్రం ప్రతిసారీ జారి, బాతు గొంతు పిసికినట్టు ఒక అరుపు వస్తుంది. స రి గ మ ప ద... బాతు. మళ్ళీ మొదట్నుంచి. స రి గ మ ప ద... బాతు.

సూర్రావు గారు మాత్రం శ్రద్ధగా వింటున్నారు. "ఆయ్, నిన్నటి కంటే ఈవేళ బాతు కొంచెం చిన్నదండి," అంటారు. ఇంత మర్యాదగా నన్నెవరూ అవమానించలేదు.

ఇవాళ కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. నాకు గణితం వచ్చు. ఎప్పుడొచ్చిందంటే మంగళవారం వచ్చింది. అంతే, దాని గురించి చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు. కానీ రి గురించి అడగండి, గంటసేపు చెబుతాను. ఏ వేలు ఎత్తాలో తెలియక ఏడ్చిన రోజు ఉంది, పెదవి వాచి మజ్జిగ కూడా తాగలేకపోయిన రోజు ఉంది. అది ఒక్కసారి సరిగ్గా పలికినప్పుడు కిటికీలోంచి భూమిని చూస్తూ పిచ్చిదానిలా నవ్వాను. నా బుర్రలో ఉన్నవాటన్నిటిలో ఆ ఒక్క రి మాత్రమే నాదనిపిస్తోంది.

ఇదంతా తాయారుకి చెబితే, "నీ రి తగలెయ్యా, నా చెవులు నావనిపించట్లేదే," అంది.

దాని సాధన మాత్రం దివ్యంగా సాగుతోంది. నా గొంతుతో మాట్లాడి సూర్రావు గారి దగ్గర నా వాటా పెరుగు వారం రోజులుగా తనే తినేస్తోందని ఇవాళ తెలిసింది. నేను మెస్సుకి వెళ్తే, "ఆయ్, తమరిప్పుడే తిన్నారు కదండి," అన్నారు. నేను గొడవపెట్టుకున్నాక ఆయన బాగా నొచ్చుకున్నారు. ఇక నుంచి సత్యవేణి గారి గొంతు వినబడితే అది తాయారు గారనే అనుకుంటానండి, అని తీర్మానించుకున్నారు. దాంతో నా పెరుగు మొత్తానికే పోయింది.

నమోదు 6

 అక్షరాలు మరీ వంకరగా ఉన్నాయి, ఈసారి ఆ పాపం నిజంగానే నాది కాదు.

మధ్యాహ్నం సన్నాయి పీక, అదే నోట్లో పెట్టుకుని ఊదే రెల్లు ముక్క, చీలిపోయింది. కొత్తది అడుగుదామని సన్నాయితో సహా మేడం గదికి వెళ్ళాను. తాయారుకి జలుబు చేసి భోజనం కూడా మానేసి పడుకుంది. నేనెలాగూ వాయిస్తాననుకుని చెవుల్లో దూది కుక్కుకుని ముసుగు తన్నింది. సాధన మానేస్తున్నానని సూర్రావు గారికి చెప్పాలన్న సంగతి నాకు తట్టనే లేదు.

కొత్త పీక పెట్టుకుని తిరిగొచ్చేసరికి మా తలుపు మూసి ఉంది. బయట పచ్చ దీపం. లోపలి నుంచి సన్నాయి.

అదీ ఎలాంటి సన్నాయి! సన్నగా, స్థిరంగా, ఒక్క చోట తొణక్కుండా ఒకే స్వరం. మొదట నాకు ఒళ్ళు మండింది. నా గదిలో దూరి నాకంటే బాగా వాయిస్తున్నదెవరా అనుకున్నాను. పక్క గది పిల్ల వెళ్తూ వెళ్తూ, "సత్యవేణి బాగుపడిందే," అనుకుంటూ పోయింది, నన్ను చూడకుండా.

అప్పుడు నా చేతిలో ఉన్నదాని వంక చూసుకున్నాను. హాస్టల్లో ఉన్న సన్నాయి ఒక్కటే. అది నా దగ్గరే ఉంది.

"సూర్రావు గారూ! తలుపు తియ్యండి! గదిలో గాలి పోతోంది!"

"ఆయ్, గాలి కాదండి. సత్యవేణి గారి సాధనండి. ఈవేళ ఎంత బాగా పట్టారోనండి, ఊపిరి కూడా మార్చలేదండి."

"నేనే సత్యవేణిని!"

"ఆయ్, తాయారు గారూ, మళ్ళీ మొదలెట్టారాండీ? పెరుగు అయిపోయిందండి."

"తాయారు లోపలుంది! నిద్రపోతోంది!"

"పక్కన సన్నాయి మోగుతుంటే నిద్రెలా పట్టుద్దండి?"

తలుపు మీద దబదబా బాదాను. "లోపల గాలి తగ్గుతోందా లేదా చూడండి!"

"ఆయ్, తగ్గుతుందండి. సన్నాయికి ఊపిరి ఎక్కువ ఖర్చవుద్దని మొదటి రోజే అనుకున్నానండి."

మేడం గది మరీ దూరం. పరిగెత్తుకెళ్ళి తీసుకొచ్చేలోపు ఏమవుతుందో ఊహించడానికే భయమేసింది. ఏడుపొచ్చేసింది. నా గొంతు దాని గొంతైపోయింది, లీకు నేనైపోయాను, తలుపు అవతల అది చెవుల్లో దూదితో పడుకుని ఉంది. పెరుగు దొంగ కోసం ఇంతలా ఏడుస్తానని ఎన్నడూ అనుకోలేదు.

ఏం చేయాలో తోచక సన్నాయి నోట్లో పెట్టుకున్నాను. ఎక్కిళ్ళ మధ్యే ఊదాను. స రి గ మ ప ద... బాతు.



"ఆయ్... ఆ ని తమరిదేనండి. అలాంటి తప్పు తాయారు గారు కాదు కదా, ఎవరూ పుట్టించలేరండి. మరి తమరు బయటుంటే లోపల వాయిస్తున్నదెవరండీ?"

"గాలండీ!"

నా మాట పూర్తయ్యేలోపే తలుపు తెరుచుకుంది. కిటికీ అంచున గుండుసూది మొన అంత కన్నం. గోడకి తగిలించి ఉండే అతుకు బిళ్ళ లాగి దాని మీద కొట్టాను. కీచు ఆగిపోయింది. తాయారు పెదవులు నీలంగా ఉన్నాయి. భుజాలు పట్టుకుని ఊపేస్తే కళ్ళు తెరిచి, "దుప్పటి లాక్కున్నావేంటే? చలేస్తోంది," అంది. దాన్ని గట్టిగా పట్టుకుని బావురుమన్నాను. జలుబు అంటుకుంటుంది వదలవే అని అది, వదలను అని నేను.

అప్పటికి సూర్రావు గారికి గుర్తొచ్చి ఎర్ర దీపాలన్నీ వెలిగించారు. అందరూ నిదానంగా పరిగెత్తారు.

నమోదు 7

సూర్రావు గారు సిగ్గుపడి మాట్లాడటం మానేశారు. తలుపులు తీస్తున్నారు, గాలి ఇస్తున్నారు, ఆయ్ అనట్లేదు. ఆయన ఆయ్ అనకపోతే హాస్టలంతా బోసిగా ఉంది. చివరికి తాయారే వెళ్ళి, "పోన్లెండి సూర్రావు గారూ, బతికే ఉన్నాను కదా," అని బతిమాలితే దారికొచ్చారు.

ఇకమీదట నా విషయంలో గొంతుని, మాటని, ప్రమాణాలని నమ్మరట. సన్నాయిలో ఆ బాతు వినిపిస్తేనే సత్యవేణి అట. తలుపుకైనా అంతే, మెస్సుకైనా అంతే. ఇప్పుడు ఎక్కడికెళ్ళినా సన్నాయి మోసుకెళ్తున్నాను. పెరుగు మాత్రం తిరిగొచ్చింది.

తాయారు వారం రోజులుగా గోడ వైపు తిరిగి ఏదో గొణుక్కుంటోంది. అడిగితే పరీక్ష కోసమంటుంది. మేడం గొంతు నేర్చుకుంటోందేమో. దొరికితే చంపేస్తారని చెప్పాను.

నమోదు 8

ఇవాళ పరీక్ష.

హాల్లో ముందు వరసలో మేడం, వెనక హాస్టలంతా. హాజరు వేసేది సూర్రావు గారు. ఆయన వేసిన హాజరు మార్చే అధికారం మేడంకి కూడా లేదు. నా పేరు పిలిచారు. వెళ్ళి నిలబడి, పెదవులు తడుపుకుని మొదలుపెట్టాను.

స రి గ మ ప ద ని స.

ని పలికింది. అదేదో ఎప్పటి నుంచో అక్కడే కూర్చుని నా కోసం చూస్తున్నట్టు, తిన్నగా, శుభ్రంగా పలికింది. దిగేటప్పుడు కూడా పలికింది. తర్వాత నేర్చుకున్న చిన్న వరస కూడా ఒక్క తప్పు లేకుండా వాయించాను. సన్నాయి దించేసరికి నా కళ్ళ నిండా నీళ్ళు. హాలంతా చప్పట్లు. ఇన్ని నెలల్లో హాస్టలంతా సూట్లు వేసుకోకుండా నా వాద్యం విన్నది ఇదే మొదటిసారి.

"ఆయ్, చాలా బాగుందండి. ఎవరో గానీ మంచి విద్వాంసులండి. సత్యవేణి గారు మాత్రం ఇంకా రాలేదండి. గైర్హాజరు వేసేస్తున్నానండి."

చప్పట్లు ఆగిపోయాయి.

"సూర్రావు గారూ, ఆ అమ్మాయి ఇక్కడే ఉందండీ," అన్నారు మేడం.

"ఆయ్, క్షమించాలండి. ఒకసారి మోసపోయి ఒక ప్రాణం మీదికి తెచ్చానండి. ఇక బాతు వింటే గానీ నమ్మనండి."

మేడం నా వైపు తిరిగారు. నిండు సభలో ఒక అధ్యాపకురాలు ఎన్నడూ అనని మాట అన్నారు: "ఒక్కసారి తప్పుగా వాయించమ్మా."

వాయించాను. స రి గ మ ప ద ని. సరిగ్గా వచ్చింది. వేలు పక్కకి జరిపాను, పెదవి వదులు చేశాను, ఊపిరి అడ్డదిడ్డంగా పట్టాను. ఏవో పిచ్చి కూతలు వచ్చాయి గానీ నా బాతు రాలేదు. "ఆయ్, ఇది వేరే ఎవరి తప్పోనండి," అన్నారు సూర్రావు గారు. ఎలా చేసేదాన్నో అస్సలు గుర్తు రావట్లేదు. ఉప్మా, అవతలి వైపు, తాయారు లేని గది, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. బాగా వాయించినందుకు ఫెయిలైపోతున్నాను!

అప్పుడు మూడో వరసలోంచి వినిపించింది.

స రి గ మ ప ద... బాతు.

సన్నాయి కాదు, నోరు. తాయారు లేచి నిలబడి, కళ్ళు మూసుకుని, బుగ్గలు పూరించి వాయిస్తోంది. ప ఎక్కేముందు నేను ఊపిరి సరిపోక చేసే చిన్న గుటక కూడా ఉంది. బాతు పడగానే పళ్ళ మధ్య నుంచి 'ఛీ' అంటానట, నాకే తెలియదు, అది కూడా ఉంది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకునే ముందు నా నిట్టూర్పు ఉంది. రోజూ నన్ను తిట్టిపోస్తూ, నన్ను నన్నుగా మొత్తం నేర్చేసుకుంది. దాని మీద నాకెంత ప్రేమ పొంగిందో, పరీక్ష హాలని కూడా చూడకుండా వెక్కి వెక్కి ఏడ్చాను.

"ఆయ్! వచ్చేశారండి సత్యవేణి గారు! హాజరండి."

మేడం కాసేపు నా వైపు, కాసేపు తాయారు వైపు చూశారు. కలం తీశారు, ఈసారి తిన్నగా పట్టుకుని ఇద్దరికీ ఒకేసారి మార్కులు వేశారు.

"ఆ అమ్మాయికి సన్నాయికి, నీకు మిమిక్రీకి," అన్నారు తాయారుతో. "ఇంతకీ నువ్వు నా గొంతు చేస్తావని ఎవరో అన్నారే?"

"అబ్బే, లేదండీ," అంది తాయారు, అచ్చం మేడం గొంతుతో.

నమోదు 9

దినచర్య ఇక రాయనక్కర్లేదన్నారు. అలవాటైపోయి రాస్తున్నాను.

నిన్న రాత్రి భోజనం నుంచి తిరిగొచ్చి మా గది తలుపు ముందు నిలబడి సన్నాయి ఊదాను. సూర్రావు గారు ఎంతో మర్యాదగా మెచ్చుకుని తలుపు తీయలేదు. లోపలున్న తాయారు లేచొచ్చి, తలుపు సందులోంచి బాతు అరిస్తే తీశారు.

ఇలా ఎన్నాళ్ళని అది లేస్తుంది? అందుకే రోజూ సాయంత్రం నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ తప్పు నేర్పుతోంది. ద దగ్గర పెదవి కొంచెం వదలాలట, కంగారు పడాలట, ఈసారైనా వస్తుందని గట్టిగా నమ్మాలట. చాలా ఓపిగ్గా చెబుతోంది. నాకింకా రాలేదు.